తీగకు ఆ చివర

పతకం కుడివైపే పెట్టుకోవాలట, ఎడమవైపు హక్కు గెలుచుకొచ్చినవాడికేనట, ఇంటివాళ్ళకు కుడివైపేనట, మాజీ సైనికుల సంఘం కార్యదర్శి పొద్దున్నే ఇంటికొచ్చి మరీ చెప్పిపోయాడు, అమ్మా, ఎప్పట్లా ఎడమవైపు పెట్టుకోకండి, పైనుంచి పెద్దవాళ్ళొస్తున్నారు, చూస్తే బాగుండదు అని, అలాగే నాయనా అంది ఆవిడ, ఇన్నేళ్ళూ ఎడమవైపు పెట్టుకుంటే ఎవరి సొమ్మేం పోయిందని అడగలేదు, అడిగే అలవాటు లేదు, ఈ టెలిఫోను ఎక్స్ఛేంజి అక్క నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయని ఊళ్ళో అందరూ అనేదే, కుడివైపు పెట్టుకుంటే పతకం చుట్టాలింటికి వచ్చినట్టు బిగుసుకుని కూర్చుంది, కోటు గుండీకి తగిలి తిరగబడుతోంది, సరిచేసుకుంటుంటే పక్క కుర్చీలోని బేకరీ ఆవిడ, మొదటి యుద్ధంలో గుర్రాలు కాసే పనికి వెళ్ళి పతకంతో తిరిగొచ్చినాయన మనవరాలు, ఎందుకు పిన్నీ అలా అవస్థ పడతావు, అదేం పారిపోదులే అంది, అంటూనే తన తాత పతకాన్ని నాలుగోసారి సర్దుకుంది, ముందు పోస్టాఫీసు మెట్లు, మెట్ల పక్కన తెల్లగుడ్డ కప్పిన రాయి, రెండు యుద్ధాల్లోనూ ధైర్యానికి పతకాలు తెచ్చుకున్న ఈ ఊరివాళ్ళ పేర్లన్నీ దానిమీద ఉన్నాయట, మైకు మనిషి వేలితో టకటకా కొట్టి హలో హలో అంటున్నాడు, ఆ మాట చెవిన పడగానే ఆవిడ కుడిచెయ్యి తనంతట తనే ఒళ్ళోంచి లేచింది, బోర్డులో తీగ గుచ్చడానికి రంధ్రం వెతికింది, ఉద్యోగం అయిపోయిందని ఆ చేతికి ఇంకా ఎవరూ చెప్పలేదు.

బస్సు వచ్చే వేళయింది, ఆ బస్సులో గడియారాల మేస్త్రీ వస్తాడు, నిజం చెప్పాలంటే ఆవిడ ఇవాళ వచ్చింది ఆ మేస్త్రీ కోసమే, పై ఊళ్ళో గడియారాలు బాగుచేసుకుని బతికే ఒక ముసలాయన, యుద్ధంలో ఆయనతో, అంటే ఆవిడ భర్తతో, కలిసి పనిచేసినవాడు, ఆయనంటే ఆవిడకు ఒక్కడే, పేరు పెట్టి పిలిచింది లేదు, ఆయన చనిపోయిన రోజున ఫోను తీగకు ఆ చివర కూర్చున్నది ఈ గడియారాల మనిషేనని కార్యదర్శి ఎక్కడో తవ్వి తీశాడు, వారం కిందట చెప్పాడు, ఆ వారంలో ఆవిడ ఎన్నిసార్లు పొయ్యిమీద పాలు పొంగబెట్టిందో లెక్కలేదు, అడగవలసింది ఒక్కటే, మా ఆయన గొంతు ఎలా ఉండేది, అంతే, ఇంకేమీ వద్దు, ఈయన కూడా చెప్పలేకపోతే ఇక ఈ భూమ్మీద ఆ గొంతు విన్నవాళ్ళెవరూ మిగల్లేదు, తనొక్కతే ఉంది, తనేమో మరిచిపోయింది.

మరిచిపోయింది అన్న మాట తనలో తను అనుకోవడానికి కూడా సిగ్గే, మొగుడి గొంతు మరిచిపోయిన ఆడదాన్ని ఏమనాలి, మొహం ఉంది, గోడమీద పటంలో ఉంది, పటం లేకపోయినా ఉంది, పైపెదవి మీది గాటు, తీగలు లాగిలాగి కాయలు కాచిన అరచేతులు, స్తంభం దిగి వచ్చినప్పుడు చొక్కాకి అంటుకుని వచ్చే తారు వాసన, అన్నీ అడగకుండానే వస్తాయి, కలిసి కాపురం చేసింది ఒక్క వేసవి, ఆ వేసవిలో చివరి వారం కిటికీ రెక్క ఊడితే ఆయన కొట్టిన మేకు సంగతి కూడా గుర్తుంది, గొంతు మాత్రం ఏ రోజు పోయిందో తెలియదు, ఉందనే అనుకుంటూ ఉంది, డబ్బాలో పంచదార ఉందనుకుని మూత తీసి చూస్తే అడుగు కనిపించినట్టు ఒకరోజు తలుచుకుంటే లేదు, కంగారుపడి అత్తగారిని అడిగింది, నా కొడుకు గొంతేమిటే, బంగారం అని ఏడ్చింది ఆవిడ, మరిదిని అడిగితే ఏముంది వదినా, మామూలు మగగొంతే అన్నాడు, అన్నం మామూలు అన్నమే అన్నట్టు, ఆయనకు స్తంభాలెక్కడం నేర్పిన మేస్త్రీని అడిగితే, వాడు మాట్లాడితే కదమ్మా గొంతెలా ఉందో చెప్పడానికి అని నవ్వాడు, ఆ ముగ్గురూ పోయారు, ఆ మూడు జవాబులూ దేనికీ పనికిరాకుండా మిగిలాయి.

గొంతులు, ఎన్ని గొంతులు ఈ చెవుల్లోంచి వెళ్ళాయని, పతకం వచ్చిన మర్నెల్లోనే ఎవరో పెద్దమనిషి ఇంటికొచ్చి, అమ్మా మీ ఆయన ఫోను లైనుకోసం ప్రాణమిచ్చాడు, మీకు ఎక్స్ఛేంజిలో ఉద్యోగం ఇస్తున్నాం అన్నాడు, ఆ ప్రాణానికీ ఈ ఉద్యోగానికీ పొంతన ఏమిటో ఆయనకే తెలియాలి, వెళ్ళి కూర్చుంది, చెవులకు తొడుగు, ముందు బోర్డు, బోర్డు నిండా రంధ్రాలు, ఎర్ర తీగ ఇటు ఎర్ర తీగ అటు, నంబరు చెప్పండి, కలుపుతున్నాను, మాట్లాడండి, అయిపోయిందా, ఈ నాలుగు ముక్కలు తప్ప ఐదో మాట అనకూడదని రూలు, తక్కినవాళ్ళకు ఆ రూలు గొంతు నొక్కినట్టుండేది, ఆవిడకు దుప్పటి కప్పినట్టు హాయిగా ఉండేది, ముప్ఫై ఏళ్ళు ఆ నాలుగు ముక్కలతోనే గడిపేసింది, హలో అంటే చాలు డాక్టరుగారి భార్యో, కలప అడితి వాళ్ళ రెండో కోడలో పోల్చేసేది, జలుబు చేసినా, ఏడ్చి వచ్చి మాట్లాడినా పోల్చేది, ఒకసారి పై ఊరి కాల్లో ఎవరిదో మగగొంతు, పంపుల కంపెనీ మనిషట, సరుకు ఇంకా రాలేదని నింపాదిగా చెబుతున్నాడు, ఇదే, ఆయన గొంతు ఇదే అనుకుంది ఆవిడ, కలిపాక వినకూడదు, మీట ఎత్తెయ్యాలి, ఎత్తలేదు, ఆ పంపుల మాటలన్నీ కళ్ళు మూసుకుని వింది, అతను ఫోను పెట్టేశాక కూడా తీగ లాగకుండా ఆ గరగరను కాసేపు పట్టుకుని కూర్చుంది, తరువాతగానీ తట్టలేదు, ఇదే అని తనకెలా తెలుసు, పోల్చి చూసుకోవడానికి తన దగ్గర ఏముంది, తూకపురాయి లేని త్రాసుతో ఏం తూస్తుంది, ఆ సాయంత్రం ఇంటికెళ్ళి ఎందుకేడుస్తున్నావని అత్తగారు అడిగితే చెవి పోటు అంది.

చైర్మన్‌గారు లేచారు, బస్సులో వచ్చేవాళ్ళ కోసమే ఆగారు, అంటే బస్సు వచ్చేసింది, వెనకవరసలో ఎవరో కూర్చుంటున్న కుర్చీ చప్పుడు, వెనక్కి తిరగాలని ఉంది, తిరిగితే మెడ పట్టేసేలా ఉంది, చైర్మన్‌గారు ప్రాణాలను తృణప్రాయంగా ఎంచి అన్నారు, ఆ మాట లేకుండా ఇలాంటి సభ మొదలవదు, మొదటి యుద్ధం వాళ్ళ కథలు చెప్పారు, కాలుతున్న కొట్టంలోంచి గుర్రాలను, వాటితోపాటు దెబ్బతిన్న ఇద్దరు మనుషులను బయటికి లాక్కొచ్చిన బేకరీ ఆవిడ తాత కథ, పొగ విషమని తెలిసీ తన ముసుగు పక్కవాడికి తొడిగిన బడిపంతులు కథ, పంతులు తరఫున ఎవరూ రాలేదు, ఒక కుర్చీ ఖాళీగా ఉంది, తరువాత రెండో యుద్ధం, ఆవిడ వీపు నిటారుగా పెట్టుకుంది, ఫిరంగి దెబ్బలకు తీగ తెగిన మూడుసార్లూ బయటికి పాక్కుంటూ వెళ్ళి, మూడుసార్లూ కలిపి, లైను పునరుద్ధరించి, అక్కడే వీరమరణం పొందిన అని చదువుతున్నారు, పతకంతో వచ్చిన కాగితంలో ఉన్న ముక్కలే, కంఠతా వచ్చు, కానీ ఆ కాగితం రాసినవాళ్ళకు ఒకటి తెలియదు, లైను మీద పనిచేసినవాళ్ళకే తెలుస్తుంది, తీగ కలిపినవాడు పలక్కుండా ఉండడు, కొసలు మెలేసి, చేతి ఫోను తగిలించి, అవతలివాణ్ణి పిలిచి వినపడుతోందా అని అడిగితేగానీ కలిసినట్టు కాదు, ఎక్స్ఛేంజిలో రోజూ చూసేది, లైన్‌మన్ స్తంభం మీదనుంచి అక్కా చూడు అంటాడు, బాగుంది అంటే దిగుతాడు, అంటే ఆయన పలికాడు, లైను కలిసిందని కాగితంలో రాశారంటే మూడోసారి కూడా పలికాడు, ఆ పలుకు ఎవరి చెవిలోనో పడింది, ఈ సంగతి కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడే తట్టింది ఆవిడకు, ఆ చెవి ఎవరిదో తెలియకుండానే ఇంతకాలం గడిచిపోయింది, ఇప్పుడా చెవి వెనకవరసలో కూర్చుని ఉంది, గుడ్డ లాగారు, చప్పట్లు, పేర్లలో ఆయన పేరు కింద నుంచి రెండోది, బాగా చెక్కారు, ఆవిడ చూసింది, కళ్ళు తుడుచుకుంది, అందరూ రాయిని చూసి ఏడుస్తోందనుకున్నారు.

బట్టతల, నొక్కుకుపోయిన బుగ్గలు, గడియారం అద్దం ఒక కంటికే పెట్టుకుని పెట్టుకుని ఆ కన్ను చిన్నదైపోయింది, సభ అయ్యాక మేస్త్రీ టీ గ్లాసు పట్టుకుని మెట్లమీద కూర్చుని ఉన్నాడు, ఇటు కాదమ్మా అటు కూర్చోండి, ఈ చెవి యుద్ధంలోనే వదిలేసి వచ్చాను అని నవ్వాడు, ఆవిడ అటు కూర్చుంది, కుశల ప్రశ్నలయ్యాయి, మోకాళ్ళ నొప్పులయ్యాయి, ఆయన కూతురి కాపురం సంగతయింది, ఆవిడ ఊఁ అంటూ వింది, అన్నయ్యగారూ, ఆ రోజు తీగ కలిపాక ఆయన మాట్లాడారా అంది చివరికి, ఇన్నేళ్ళు దాచుకున్న మాట మరీ పిచ్చిదానిలా ఇంత చిన్నగా వచ్చిందేమిటి అనుకుంది, మేస్త్రీ టీ గ్లాసులోకి చూశాడు, మాట్లాడాడమ్మా, లైను బాగుందా అని అడిగాడు, బాగుందన్నాను, ఆఫీసరుకీ అదే చెప్పాను, ఆయన అదే రాసుకున్నాడు అన్నాడు, కానీ ఆవిడవి ముప్ఫై ఏళ్ళు గొంతులు విన్న చెవులు, దాచేవాళ్ళ గొంతు ఎక్కడ కాస్త సన్నబడుతుందో ఆ చెవులకు తెలుసు, అన్నయ్యగారూ, అది కాదు కదూ అంది, ఆయన గ్లాసు కింద పెట్టాడు, మీకు కోపం రాకూడదు మరి అన్నాడు, ఎవరికీ చెప్పలేదమ్మా, చెప్పేది కాదు, రాతిమీద పేరు చెక్కిన మనిషి ఆఖరి మాట అదని చెబితే నలుగురూ నవ్వుతారు, మీకు చెబుదామంటే వాడు మీ పరువు తీశాడనుకుంటారేమోనని భయం, చెప్పండి అంది, మేం వాణ్ణి పెళ్ళికొడుకు అనేవాళ్ళం, కొత్తగా పెళ్ళయి వచ్చాడుగా, అస్సలు మాట్లాడేవాడు కాదు, మొదట్లో మూగవాడేమో అనుకున్నాం, తీగ లాగి లైను చూసేటప్పుడు మాత్రం, అందరం హలో హలో అంటాం కదా, వీడు అలా అనేవాడు కాదు, వాడికో వేషం ఉండేది, అది విందామని పని లేకపోయినా లైను దగ్గర చేరేవాళ్ళం, ఒకసారి పొరపాటున ఆఫీసరు చెవిలోనే వేశాడు, ఆ పూట తిండి బందయింది, అయినా మానలేదు, ఏ వేషం అన్నయ్యగారూ, మీ వేషమేనమ్మా, ఆయన అటూ ఇటూ చూశాడు, గొంతు సవరించుకున్నాడు, ఆ ఎండిన గొంతునే సన్నగా పైకి లేపి, సాగదీసి, ఆడపిల్ల గొంతు చేసి, ఏవండోయ్, వింటున్నారా, ఊరికే ఊఁ కొడుతున్నారా అన్నాడు.

బిస్కెట్ల పళ్ళెం దగ్గర బేకరీ ఆవిడ వెనక్కి తిరిగి చూసి కిసుక్కున నవ్వింది, ఊఁ అనాలమ్మా అవతలివాడు, గడియారాల మేస్త్రీ చెప్పుకుపోతున్నాడు, ఊఁ అంటే లైను బాగున్నట్టు, ఆ రోజు మూడోసారి చాలాసేపు ఏమీ లేదు, పైన నేల అదిరిపోతోంది, ఇక అయిపోయాడనుకున్నాను, అప్పుడు వినిపించింది, పక్కనే ఉన్నట్టు, ఏవండోయ్ అని, నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చి ఊఁ అన్నాను, వాడు నవ్వాడు, అంతే, లైను మళ్ళీ చెడలేదు, సాయంత్రం దాకా అందరూ మాట్లాడుకున్నారు దానిమీద, వాడే లేడు, నేనా అంది ఆవిడ, ఎవరిదో సొత్తు తనకు అంటగడుతున్నట్టు కంగారుగా, నేనెక్కడన్నాను అలా, నేనసలు మాట్లాడను కదా అన్నయ్యగారూ, ఊళ్ళో ఎవరినైనా అడగండి, ఆయన చిన్నకన్నుతో వింతగా చూశాడు, మీరు మాట్లాడరా, వాగుడుకాయ అని చెప్పేవాడే, పొద్దున లేచింది మొదలు ఆపదు, ఆ మాటలు లేక చెవులకు తోచట్లేదురా, అందుకే నేనే అనుకుంటున్నాను అనేవాడు, మీరు ఎవరెవరి గురించి ఏమేం చెప్పేవారో మాకందరికీ తెలుసు, మేడకింద వడ్రంగి భార్య మొగుడి మీద అలిగి రంపం దాచేసిన కథ మా జట్టంతటికీ తెలుసు.

రంపం, అవును, రంపం, బియ్యం డబ్బాలో దాచింది, వడ్రంగేమో ఊరంతా వెతికి అప్పు తెచ్చుకున్నాడు, ఎవరికి చెప్పింది తను, మేడమీది గదిలో, మధ్యాహ్నం, కింద వడ్రంగి దుకాణంలో చిత్రిక పడుతున్న చప్పుడు, ఆయన స్తంభాల పని నుంచి వచ్చి చాపమీద చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని పడుకున్నాడు, తను కిటికీ దగ్గర జుట్టు ఆరబెట్టుకుంటూ చెబుతోంది, వడ్రంగి భార్య సంగతి, పాలమనిషి సంగతి, చిన్నప్పుడు బడిలో మేడమ్ కుర్చీకింద కప్ప దూరిన సంగతి, ఇక ఆపదు, దారం ఉండ జారిపడి గదంతా దొర్లినట్టు మాట మీద మాట, ఎంత మాట్లాడేది, దేవుడా, నిజమే, వాగుడుకాయే, పుట్టింట్లో దీని నోటికి తాళం వేసేవాడే రావాలి అనేవారు, ఆ పిల్ల ఏమైపోయింది, ఆయన పోయాడని తంతి వచ్చిన రోజున నోరు మూసుకుంది, ఎందుకు మూసుకుందంటే మాట్లాడితే ఆ మాట చివర ఖాళీ వస్తుంది, ఆ ఖాళీని భరించలేక, తరువాత అదే అలవాటయింది, తరువాత అదే మంచితనమని అందరూ మెచ్చుకున్నారు, ఆ పిల్ల చచ్చిపోయిందని తనకే తెలియలేదు, చచ్చిపోలేదుట, ఫిరంగుల మధ్య బురదలో ఆయన నోట్లో ఉందట, ఈ ముసలాయన గొంతులో ఇన్నాళ్ళూ తలదాచుకుందట.

ఏడుస్తున్నారా అమ్మా, చెప్పకుండా ఉండాల్సింది అంటున్నాడు మేస్త్రీ, కాదన్నయ్యగారూ, ఆ రంపం ఏమైందో తెలుసా, ఆయన వెళ్ళిపోయాక జరిగింది, ఆయనకు చెప్పలేదు, చెప్పడానికి లేకపోయింది, ఆ వడ్రంగి అప్పు తెచ్చుకున్న రంపం కూడా ఆవిడ దాచేసింది, అంటూ మొదలుపెట్టింది ఆవిడ, ఎన్నడూ లేంది గొంతు గరగరలాడింది, ఊఁ అన్నాడు మేస్త్రీ, ఆ అప్పిచ్చినవాడు మా రంపమేదని గొడవకొస్తే మొగుడూ పెళ్ళాం ఒకటైపోయి వాడిమీద పడ్డారండీ, ఊఁ, బేకరీ ఆవిడ పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది, పిన్ని ఇంత పొడుగు మాట అనగా ఆవిడ ఎరగదు, కార్యదర్శి ఫొటోకి రమ్మని చెయ్యి ఊపుతున్నాడు, ఉండు నాయనా అంది, అని మళ్ళీ అందుకుంది, మాటకూ మాటకూ మధ్య మేస్త్రీ ఊఁ అంటూనే ఉన్నాడు, ఆ ఊఁల కిందినుంచి ఇంకొకటి, కాస్త నిద్రమత్తుగా, కాస్త నవ్వు ఆపుకుంటూ, ముక్కులోంచి మొదలై గొంతులోకి దిగే ఊఁ ఒకటి, వచ్చింది, ఇదే, ఈసారి పోల్చుకోవడానికి తూకపురాయి అక్కర్లేదు, ఇదే, ఆయన గొంతు ఎప్పుడూ తన మాటల మధ్యనే ఉండేది, వేరే ఎక్కడా ఉండేది కాదు, తను మాట్లాడితేనే ఆయన పలికేది, అది తెలియక ఇన్నేళ్ళూ ఆ గొంతు విందామని నోరు మూసుకుని కూర్చుంది.